రేకు పెట్టె, ప్లాస్టిక్ పెట్టె, గుడ్డ సంచి, పేర్చే డబ్బాలు: బండిలో సామాన్లకు ఏది మేలు?

షాపులో టూల్ బాక్స్ అడగ్గానే "ఎన్ని అంగుళాలది?" అంటారు. సైజు కంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. బండి ఆపిన చోటు నుంచి పని జరిగే చోటికి సామాను ఎలా వెళ్తుంది? లిఫ్టు లేని అపార్ట్‌మెంటులో మూడో అంతస్తుకు ఎక్కి గీజరు విప్పే ప్లంబరుకూ, రోడ్డు పక్కన టాటా ఏస్ వెనక డోరు దించి అక్కడే పనిచేసుకునే మెకానిక్కుకూ ఒకే పెట్టె సరిపోదు. ఇక్కడ చెప్పేది ఎక్కువగా మొదటి రకం వాళ్ళ గురించి: బైకు మీదో, ఈకో వ్యానులోనో ఇళ్ళకు తిరిగే ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, ఏసీ మెకానిక్కులు.

సామాను ఒకసారి తూకం వేద్దాం. 8 అంగుళాల కటింగ్ ప్లయర్ సుమారు 300 గ్రాములు, ఐదు స్క్రూడ్రైవర్లు కలిపి అరకేజీ, సుత్తి ముప్పావు కేజీ, 14 అంగుళాల పైపు రెంచి ఒకటిన్నర కేజీ, హ్యాక్‌సా అరకేజీ, 10 అంగుళాల స్క్రూ స్పానరు 400 గ్రాములు. డ్రిల్ మిషను దాదాపు రెండు కేజీలు. బిట్లు, ప్లగ్గులు, స్క్రూలు ఒక కేజీ. మల్టీమీటరు, టెస్టరు, టేపు కలిపి ఇంకో అరకేజీ. మొత్తం ఏడు, ఏడున్నర కేజీలు తేలుతుంది. దీన్ని ఐదు అరల రేకు పెట్టెలో సర్దితే పెట్టె బరువే నాలుగైదు కేజీలు కలిసి పన్నెండు దాకా వస్తుంది. గుడ్డ సంచిలో అయితే తొమ్మిదితో సరి. మూడు కేజీలే కదా అనిపిస్తుంది కానీ, రోజుకు ఐదారు ఇళ్ళు, ఒక్కో ఇంటికి రెండు మూడు అంతస్తులంటే సాయంత్రానికి ఆ తేడా భుజానికి తెలుస్తుంది.

ఐదు అరల రేకు పెట్టె

పిడులు రెండూ చెరో పక్కకు లాగితే పై అరలు మెట్లలా విచ్చుకుంటాయి. అందులో ఉన్నవన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి. ఈ సుఖం మిగతా వేటిలోనూ లేదు. స్పానర్ సెట్లు, సాకెట్లు, చిన్న బేరింగ్ పుల్లర్ లాంటి బరువైన ఇనుప సామాను ఎక్కువగా ఉండే మెకానిక్కులకు ఇప్పటికీ దీన్ని మించింది లేదు.

కొనేటప్పుడు రేకు మందం అడగండి. 20 గేజి అంటే సుమారు 0.9 ఎంఎం, 22 గేజి అంటే 0.7 ఎంఎం. గేజి నంబరు పెరిగే కొద్దీ రేకు పలచబడుతుంది. 22 గేజి పెట్టె అడుగు, బండి కుదుపులకు ఏడాది తిరక్కుండానే కిందికి ఉబ్బుతుంది. ఆపైన అరలు వంకరపోయి మూత సరిగ్గా కూర్చోదు. అరలను కలిపే పట్టీల దగ్గర రివిట్లు వదులుగా ఉన్నాయేమో చేత్తో ఊపి చూడండి. వాటి మీద నెలకో చుక్క నూనె వేయాలి.

దీని లోపాలు వాడుకలోనే బయటపడతాయి. పూర్తిగా తెరిస్తే మూసినప్పటి వెడల్పుకు రెండింతలకు పైగా చోటు కావాలి. వ్యానులో పైన చెక్క అర కొట్టించి దాని కింద పెడితే తెరుచుకోదు, ప్రతిసారీ బయటికి లాగాలి. బరువంతా ఒక పక్క అరల్లోనే సర్ది ఆ పక్క మాత్రమే తెరిస్తే పెట్టె బోర్లా పడుతుంది. అరల మధ్య సందులు మూసుకోవు కాబట్టి గోడకు డ్రిల్ వేసిన దుమ్మూ, వాన నీళ్ళూ లోపలికి పోతాయి. ఏస్ లాంటి ఓపెన్ బాడీ బండిలో ఉంచేవాళ్ళు అడుగు మూలల్లో 5 ఎంఎం బిట్టుతో రెండు రంధ్రాలు వేసుకుంటే నీళ్ళు నిలవవు. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఉప్పుగాలికి గీతపడిన ప్రతిచోటా తుప్పు మొదలవుతుంది.

కరెంటు పనికి ఇంకో ఇబ్బంది. ఇది మొత్తం ఇనుమే. తెరిచి ఉన్న బోర్డు కింద దీన్ని విప్పి పెడితే, జారిన లైవ్ వైరు ముందు తాకేది దీన్నే. ఇళ్ళలో పాలరాయి నేల మీద తడి పెట్టెను గంటసేపు ఉంచితే తుప్పు మరక దిగుతుంది, ఆ మరక ఓ పట్టాన పోదు. కుర్చీ కాళ్ళకు వేసే రబ్బరు బుష్‌లు నాలుగు అడుగున స్క్రూ చేస్తే ఈ గొడవ తప్పుతుంది.

ప్లాస్టిక్ పెట్టె

13, 16, 19 అంగుళాల్లో దొరికేవే. 16 అంగుళాలది ఒకటి, ఒకటిన్నర కేజీ ఉంటుంది. తుప్పు లేదు, కరెంటు భయం లేదు, ధర తక్కువ. పెట్టె విరిగేది మూడు చోట్ల: గొళ్ళేల దగ్గర, వెనక బందుల దగ్గర, మూత మీద స్క్రూలు పోసుకునే చిన్న అరల పారదర్శక మూతల దగ్గర.

పిడి ఎక్కడ ఉందో చూడండి. చాలా పెట్టెలకు పిడి మూత మీదే ఉంటుంది. అంటే పైకెత్తినప్పుడు ముందు వైపు బరువంతా రెండు గొళ్ళేలకే వేలాడుతుంది. ఏడున్నర కేజీల సామాను నింపి మెట్లెక్కుతుంటే ఒక గొళ్ళెం ఊడిందంటే సామానంతా మెట్ల మీదే. ప్లాస్టిక్ గొళ్ళెం కంటే రేకు గొళ్ళెం మేలు. బందుల్లో ఇనుప కడ్డీ దూర్చి ఉన్నది, ప్లాస్టిక్ మడతతోనే సరిపెట్టిన దానికంటే నిలుస్తుంది. షాపులోనే ఆరేడు కేజీల సామాను అందులో వేయించి, ఎత్తి, కొంచెం ఊపండి. మూతకూ పెట్టెకూ మధ్య ముందు వైపు సందు తెరుచుకుంటే అది పనికిరాదు.

ఎండ దీనికి శత్రువు. బైకు క్యారియర్ మీదా, ఓపెన్ బాడీలోనూ రోజంతా ఎండ తగిలితే ప్లాస్టిక్ తెల్లబడి పెళుసెక్కుతుంది. తెల్లబడిన చోట గోరుతో గీస్తే పొడి రాలుతోందంటే మార్చేయాల్సిన సమయం వచ్చినట్టే.

గుడ్డ సంచి

ఇళ్ళ పనికి చాలామందికి సరైనది ఇదే. కానీ "సంచే కదా" అని చవకది కొని తిట్టుకుంటారు. గుడ్డ దారం మందాన్ని డీనియర్లలో చెబుతారు, అంకె పెరిగే కొద్దీ గట్టిది. 600 డీనియర్ పాలియెస్టర్ అయితే తేలిక పనికి సరి. పైపు రెంచి, డ్రిల్ మిషను మోయాలంటే 1680 డీనియర్ చూడండి. అడుగు గట్టి రబ్బరు లేదా ప్లాస్టిక్ అచ్చుతో ఉండాలి. అడుగు కూడా గుడ్డే అయితే బాత్‌రూమ్ నేల మీద పెట్టిన మొదటి రోజే నీళ్ళు పీల్చుకుంటుంది. పట్టీలు సంచి పై అంచుకే కుట్టారా, అడుగు కింద నుంచి చుట్టి తెచ్చారా? చుట్టి తెచ్చినవే తెగవు. జేబుల పై మూలల్లో దగ్గర దగ్గరగా వేసిన గట్టి కుట్టు ఉందో లేదో చూడండి, చిరగడం అక్కడే మొదలవుతుంది.

తెరిచి ఉన్న నోటి సంచిలో చెయ్యి పెడితే ప్లయర్ దొరుకుతుంది. జిప్పు సంచి వానకు మంచిది, కానీ సిమెంటు దుమ్ముకు జిప్పు పట్టేస్తుంది. పాత పెయింట్ బ్రష్షుతో దులిపి, కొవ్వొత్తి రుద్దితే మళ్ళీ జారుతుంది. ఉలి, హ్యాక్‌సా బ్లేడు లాంటి పదునైనవి జేబుల్లో నేరుగా పెట్టకూడదు. పాత పీవీసీ పైపు ముక్కలో దూర్చి పెట్టాలి. తడిసిన సామాను వేసి రాత్రంతా జిప్పు మూసి ఉంచితే పొద్దున్నే ప్లయర్ల దవడల మీద తుప్పు కనిపిస్తుంది.

తాళం వేసే వీల్లేదన్నది దీని అసలు లోపం. బైకుకు కట్టి వదిలేసి వెళ్ళకూడదు. పనివాడితో పాటే లోపలికి వెళ్ళాలి.

పేర్చే డబ్బాలు

బాష్ ఎల్-బాక్స్, డీవాల్ట్ టీస్టాక్ లాంటివి. ఒకదాని మీద ఒకటి పెట్టి గొళ్ళేలు వేస్తే ఒకే కట్టగా నిలుస్తాయి. మామూలు ప్లాస్టిక్ పెట్టె ధరకు కొన్ని రెట్లు పడుతుంది. బైకు మీద తిరిగేవాళ్ళు వీటి జోలికి పోనక్కర్లేదు.

వ్యాను ఉన్నవాళ్ళకు మాత్రం ఇవి పని తీరునే మారుస్తాయి. డ్రిల్లింగ్ ఒక డబ్బా, వైరింగ్ ఒకటి, ఏసీ ఫ్లేరింగ్ (రాగి పైపు అంచు విచ్చే) సామాను ఒకటి. ఫ్యాను బిగించే పనికి వెళ్తే వైరింగ్ డబ్బా ఒక్కటే పైకి వెళ్తుంది, మిగతావి బండిలోనే. ఇక్కడే చాలామంది తప్పుతారు: ఒక్కో డబ్బాలో అన్నీ కొంచెం కొంచెం సర్దుతారు. అప్పుడు ప్రతి ఇంటికీ మూడూ మోయాల్సిందే.

ఎప్పుడూ కావాల్సింది అడుగు డబ్బాలో ఉంటే దాన్ని తీయడానికి పైవన్నీ దించాలి. బరువైనదీ అరుదుగా తీసేదీ అడుగున ఉండాలి. బరువైనదే తరచూ కావాలంటే ఆ అడుగు డబ్బా సొరుగు రకంది కొనాలి. మూడుకు మించి పేర్చకండి. సీటు వీపు ఎత్తు దాటిన పెట్టె ఏదైనా బ్రేకు వేస్తే ముందుకు వస్తుంది. ఒక కంపెనీ డబ్బా మీద మరో కంపెనీది సాధారణంగా కూర్చోదు. మొదటి డబ్బా కొన్న రోజే మిగతావి ఏ కంపెనీవో తేలిపోయినట్టే.

పెట్టె మీద రాసే ఐపీ అంకెల సంగతి. ఐపీ54 అంటే దుమ్ము చాలావరకు ఆగుతుంది, నీటి తుంపర్లు ఆగుతాయి. ఐపీ65 అంటే దుమ్ము అసలు పోదు, గొట్టంతో కొట్టిన నీళ్ళూ ఆగుతాయి. ఇదంతా మూత రబ్బరు శుభ్రంగా ఉన్నంతవరకే. రబ్బరు మీద ఒక్క ఇసుక రేణువు నిలిచినా సందు ఏర్పడుతుంది. ఇంకో చిక్కు: గాలి చొరబడని డబ్బాలో తడి సామాను పెడితే తడి బయటికి పోదు, మామూలు పెట్టెలో కంటే త్వరగా తుప్పు పడుతుంది. తుడిచి పెట్టాలి, ఒక సిలికా జెల్ పొట్లం వేయాలి. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే అవి తడి తాగేసినట్టు.

బైకుకు ఏది, వ్యానుకు ఏది

బైకు అయితే గట్టి అడుగున్న గుడ్డ సంచి, స్పానర్లకు చుట్ట మడిచే గుడ్డ పౌచ్. స్ప్లెండర్ లాంటి బళ్ళకు సైలెన్సరు కుడి వైపు ఉంటుంది కాబట్టి సంచి ఎడమ వైపు శారీ గార్డుకు కట్టాలి. కుడి వైపు వేలాడదీస్తే సంచి గుడ్డ కరుగుతుంది. క్యారియర్ మీద బాగా వెనక్కి బరువు పెడితే హ్యాండిల్ తేలిపోతుంది, వాన రోడ్డు మీద అది మంచిది కాదు. సీటుకు దగ్గరగా జరపండి. రెండు మూడు కేజీలకు మించని మీటర్లు, చిన్న సామాను ఉంటే 13 అంగుళాల ప్లాస్టిక్ పెట్టె క్యారియర్‌కు బోల్టు వేసుకోవచ్చు. కుదుపులకు బిట్లు ఒకదానికొకటి రాసుకుని మొద్దుబారతాయి. రంధ్రాలున్న బిట్ స్టాండులోనో, గుడ్డలో విడివిడిగానో చుట్టాలి.

ఈకో లాంటి వ్యాను అయితే రెండు మూడు పేర్చే డబ్బాలు, వాటితో పాటు ఒక చిన్న గుడ్డ సంచి. ప్రతి ఇంటికీ తప్పనిసరిగా కావాల్సిన పది పదిహేను వస్తువులు సంచిలో ఉంటాయి, మిగతావి డబ్బాల్లో. డబ్బు సరిపోకపోతే అదే పద్ధతిని రెండు మామూలు ప్లాస్టిక్ పెట్టెలతో చేయండి. విభజనే ముఖ్యం, బ్రాండు తర్వాత.

ఏస్‌లో పెట్టి బండి దగ్గరే పనిచేసే మెకానిక్కుకు 20 గేజి రేకు పెట్టె, మీద టార్పాలిన్.

బ్యాటరీ డ్రిల్లు వాడేవాళ్ళకు ఒక మాట. బాష్ తన లిథియం బ్యాటరీలను మైనస్ 20 నుంచి 50 డిగ్రీల మధ్యే నిల్వ ఉంచమంటుంది. రెంటచింతల, రామగుండం ఎండల్లో తలుపులు మూసిన బండి లోపల మే నెల మధ్యాహ్నం 50 దాటడం పెద్ద విషయం కాదు. ఏ పెట్టె కొన్నా బ్యాటరీలు సంచిలో వేసుకుని వెంట తీసుకెళ్ళాల్సిందే. ఈకోలో ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది కాబట్టి బ్యాటరీలను సీటు వెనకాలే ఆనించి పెట్టడం అంతకంటే తప్పు. వెల్డింగ్ టార్చి గ్యాస్ డబ్బా, ఏసీల్లో నింపే ఆర్32 గ్యాస్ డబ్బా లాంటివి మూతపెట్టే టూల్ పెట్టెలో ఎప్పుడూ పెట్టకూడదు. అవి నిలువుగా, విడిగా, గాలి ఆడే చోట ఉండాలి.

కట్టడం

గట్టిగా బ్రేకు వేస్తే పెట్టెను దాని బరువులో 70, 80 శాతం బలం ముందుకు నెడుతుంది. నున్నటి రేకు ఫ్లోరు మీద రేకు పెట్టె జారడానికి 20, 30 శాతం చాలు. మందపాటి రబ్బరు మ్యాట్ వేస్తే మామూలు బ్రేకులకు జారడం చాలావరకు ఆగుతుంది, చప్పుడూ తగ్గుతుంది. గుద్దుకుంటే లెక్క వేరు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి అర మీటరులో ఆగిపోతే 15 కేజీల పెట్టె సుమారు 300 కేజీల బలంతో ముందుకు వస్తుంది. దానికి మ్యాట్ చాలదు, బెల్టు కావాలి.

25 ఎంఎం వెడల్పున్న రాచెట్ బెల్టు (లివరు ఆడిస్తే బిగుసుకునే పట్టీ) తీసుకోండి. పెట్టె పిడిలోంచి దూర్చి కట్టకూడదు, పిడి ఊడుతుంది. పెట్టె మీదుగా వేసి రెండు పక్కలా కొక్కేలకు బిగించాలి. సాగే రబ్బరు తాడు బైకు మీద సంచికి సరి, వ్యానులో పెట్టెకు కాదు. బండిలో కొక్కేలు లేకపోతే ఎం8 ఐబోల్టులు (తల దగ్గర రింగు ఉండే 8 ఎంఎం బోల్టులు) వేయించుకోవచ్చు. రేకు చిరగకుండా ఫ్లోరు కింద 40 ఎంఎం వాషర్ పెట్టాలి. డ్రిల్ వేసే ముందు బండి కిందికి దూరి చూడటం తప్పనిసరి: పెట్రోలు ట్యాంకు, బ్రేకు పైపు, సీఎన్‌జీ అయితే గ్యాస్ లైను ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకుని, బిట్టు మీద ఎంత లోతుకు ఆగాలో టేపు చుట్టుకోవాలి. రంధ్రం అంచుకు జింక్ ప్రైమరు పూసి, అది ఆరాక బోల్టు చుట్టూ సిలికాన్ వేసి బిగిస్తే అక్కడి నుంచి నీళ్ళు ఎక్కవు.