మాయమ్మ వంటల నోటుబుక్కు కంప్యూటర్లోకి ఎక్కించినా, గ్నోమ్ రెసిపీస్ బాగుండాది

మాయమ్మ వంటలన్నీ రాసిపెట్టుకున్న లాంగ్ నోటుబుక్కు ఒకటి ఉండాది, నూనె మరకలకి సగం పేజీలు అతుక్కుపోయినాయి, ఇంకో రెండేళ్లు పోతే అక్షరాలు కూడా మిగలవని భయమేసి అంతా కంప్యూటర్లోకి ఎక్కిద్దామని కూర్చున్నా. తిరుపతిలో మా ఇంట్లో ఉండేది పాత ల్యాప్‌టాపు, విండోస్ బదులు ఉబుంటు 22.04 అనే ఫ్రీ లినక్స్ సిస్టమ్ వేసుకోని వాడుతున్నాం.

ముందు గూర్మే అనే వంటల యాప్ కోసం చూసినా. కమాండ్ కొడితే ప్యాకేజీయే దొరకలేదంటాది. అది పైథాన్ 2 అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో రాసిన యాప్, 2020 జనవరి 1తో పైథాన్ 2కి సపోర్ట్ అయిపోయింది, ఉబుంటు 20.04 నుంచి దాన్ని తీసేసినారు. పాత వీడియోలు చూసి అదే కమాండ్ పదిసార్లు కొట్టొద్దండి, తప్పు మీది కాదు.

తర్వాత పెట్టిందే గ్నోమ్ రెసిపీస్, ఇదీ వంటలు రాసిపెట్టుకునే యాపే. 2017లో వచ్చింది, ఫ్రీ, ఓపెన్ సోర్స్, అకౌంట్ లాగిన్ ఏమీ అడగదు. టెర్మినల్లో, అంటే కమాండ్లు కొట్టే కిటికీలో, సుడో ఆప్ట్ అప్‌డేట్ (sudo apt update) కొట్టి, అది అయినాక సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ గ్నోమ్-రెసిపీస్ (sudo apt install gnome-recipes) అని కొట్టాల, అన్నీ ఇంగ్లీషు చిన్నక్షరాలే, మధ్యలో గీత మర్చిపోవద్దు. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు స్క్రీన్ మీద చుక్క కూడా పడదు, పడలేదని ఆగకుండా కొట్టేసి ఎంటర్ నొక్కండి. సెట్టింగ్స్‌లో కీబోర్డ్ కాడ తెలుగు కలుపుకుంటే సూపర్ కీ (విండోస్ గుర్తు ఉండే కీ), స్పేస్ కలిపి నొక్కి భాష మార్చుకోవచ్చు.

మొదట ఎక్కించింది పితుకుపప్పు. చలికాలం వస్తే మా చిత్తూరు పక్క అది లేని ఇల్లుండదు. అనపగింజలు రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే ఒక్కో గింజ రెండు వేళ్ల మధ్య పట్టి పితికితే పప్పు సర్రున జారి గిన్నెలో పడతాది, తొక్క చేతిలో ఉంటాది. నోటుబుక్కులో "రెండు దోసిళ్ల గింజలు" అనే ఉండాది, యాప్‌లో మనుషుల లెక్క మార్చితే సరుకుల లెక్క దానికదే మారాలంటే అంకె కావాల కదా, అందుకని మాయమ్మ చేత్తోనే దోసిలి పట్టించి కాటా మీద పోసి చూసినా, 190 గ్రాములు తూగింది. ఇట్లా ఒక్కో వంటకి అరగంట పట్టింది గానీ ఆమె పక్కన కూర్చోని చెప్తా ఉంటే బుక్కులో లేని సంగతులు ఎన్నో బయటపడినాయి.

సంక్రాంతికి నలుగురి లెక్కని పన్నెండు చేసినా. గింజలు, ఉల్లిగడ్డలు సరిగ్గా చూపించింది, కారం ఉప్పు కూడా మూడింతలు చూపిస్తాది, అది మాత్రం నమ్మొద్దు, అవి చేతి అంచనాతోనే వేసుకోవాల. వండేటప్పుడు పెద్దక్షరాలతో స్క్రీన్ నిండా ఒక్కో మెట్టు చూపిస్తాది, దాంట్లోనే టైమర్ కూడా పెట్టుకోవచ్చు, మాయమ్మకి కళ్లద్దాలు లేకుండానే కనపడింది. సరుకుల లిస్టు కూడా అదే తీస్తాది.

పితుకుపప్పు పేజీ ప్రింట్ తీసి పలమనేరులో మా అక్కకి పంపినా, వంటింట్లో గోడకి అంటించుకునింది.