మా చిన్న ఫ్రిజ్, పదిహేనేళ్ల ఐస్ గొడవ

2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ రెండూ కర్నూలు మీద పడ్డప్పుడు మా ఇంట్లోకి కూడా నీళ్లొచ్చాయి. నీళ్లు తీశాక వెళ్లి చూస్తే పాత ఫ్రిజ్ వంటింట్లోంచి వరండాలోకి వచ్చి బురదలో వెల్లకిలా పడి ఉంది. మరుసటి వేసవికి కొన్నదే ఈ సింగిల్ డోర్, 180 లీటర్లది. పదిహేనేళ్లు దాటింది, కంప్రెసర్ ఇంకా మొదటిదే. కంపెనీ పేరు చెప్పను. నేను చెప్పేది ఏ సింగిల్ డోర్ ఫ్రిజ్‌కైనా సరిపోతుంది, పైగా ఇందులో సగం తప్పు మాదే.

చల్లదనానికి వంక పెట్టేది లేదు. మే నెలలో బయట 43, 44 డిగ్రీలు మండుతున్నా బాటిల్ పట్టుకుంటే చెయ్యి జిల్లుమంటుంది. గొడవంతా పైనున్న ఫ్రీజర్ డబ్బాతోనే. పట్టించుకోకపోతే చుట్టూ తెల్లగా గడ్డ పేరుకుని, లోపల ఒక ఐస్ ట్రే, ఒక పాల ప్యాకెట్ తప్ప ఏమీ పట్టనంత గుహ అయిపోతుంది. ఆ గడ్డకి ఫ్రీజర్ చిన్న తలుపు కూడా మూతపడదు. అది మూతపడకపోతే ఇంకా గడ్డ కడుతుంది.

కొన్న మూడో ఏడో నాలుగో ఏడో, చుట్టాలొచ్చారని నిమ్మరసంలోకి ఐస్ తీయబోతే ట్రే ఊడి రాలేదు. కూరగాయల కత్తి తీసుకుని కింద పెట్టి పైకి లేపాను. స్స్‌స్ మని సన్నగా చప్పుడొచ్చి ఆగిపోయింది. ఐస్ విరిగిందిలే అనుకుని ట్రే పట్టుకుని సంబరంగా హాల్లోకి వెళ్లాను కూడా. తెల్లారేసరికి పాలు విరిగాయి. మెకానిక్ వచ్చి చూసి, "సార్, మీరు ఐస్‌ని కాదు, గ్యాస్ లైన్‌ని పొడిచినారు" అన్నాడు. ఈ ఫ్రీజర్ డబ్బా అల్యూమినియం రేకుల్లోనే చల్లబరిచే గ్యాస్ తిరిగే సన్న దారులుంటాయట, పైకి ఉబ్బెత్తు గీతల్లా కనబడేవి అవే. చిల్లు మూసి గ్యాస్ ఎక్కించినందుకు రెండు వేల పైచిలుకు అయింది. కత్తి, స్క్రూడ్రైవర్, అట్లకాడ, ఏదీ వద్దు. ఉప్పు చల్లితే కరుగుతుందని పక్కింటివాళ్లు చెప్పారు, కరుగుతుంది నిజమే, కానీ అల్యూమినియానికి ఉప్పు పడదు, తినేస్తుంది.

చెప్తే నవ్వుతారు గానీ, చల్లదనం పెంచి తగ్గించే థర్మోస్టాట్ నాబ్ మధ్యలో ఉండే బటన్ ఎందుకో అన్నాళ్లూ మాకు తెలియదు. ఆ రోజు మెకానికే నొక్కి చూపించాడు. నొక్కితే కంప్రెసర్ ఆగుతుంది, ఐస్ కరిగాక దానంతట అదే మళ్లీ మొదలవుతుంది. నేను రాత్రి భోజనాలయ్యాక ఫ్రీజర్ ఖాళీ చేసి నొక్కి పడుకుంటాను. గడ్డ అర సెంటీమీటరు లోపు ఉంటే పొద్దున్నకి శుభ్రం. మరీ లావెక్కి ఉంటే మాత్రం ప్లగ్గే తీసేసి, తలుపు తెరిచి, ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టి, లోపల ఒక గిన్నెలో వేణ్ణీళ్లు పెడతాను. గంటలోపే పలకలు పలకలుగా ఊడి పడతాయి. కరిగిన నీళ్లు వెనక రంధ్రంలోంచి కంప్రెసర్ మీది ట్రేలోకి పోయి ఆ వేడికి ఆవిరైపోతాయి. ఒకసారి ఆ రంధ్రంలో కరివేపాకు రెబ్బ అడ్డంపడి నీళ్లన్నీ కూరగాయల డబ్బాలోకి దిగాయి. రెండు రోజులు వంకాయలు ఈత కొట్టాక గానీ మాకు అర్థం కాలేదు.

సరే, కరిగించడం వచ్చింది. అసలు ఇంత ఐస్ ఎక్కణ్నుంచి వస్తోంది? గాలిలో తేమే వెళ్లి ఆ చల్లటి రేకుకి అంటుకుంటుంది, మనది చూస్తే పొడి ఊరు, ఎండాకాలం పెదాలు పగిలిపోతాయి, అయినా డిసెంబర్‌లో నెలన్నరకి పట్టే గడ్డ మే నెలలో ఎనిమిది రోజులకే వేలెడు మందం పట్టేది. తలుపు మాటిమాటికీ తీస్తారని పిల్లల మీద అరిచేవాణ్ణి. వేడి పప్పు గిన్నె మూత లేకుండా పెట్టేస్తుందని అమ్మ మీద కూడా (అది నిజమే, ఆమె ఇప్పటికీ మానలేదు). ఒక మధ్యాహ్నం కరెంటు పోయి కూలర్ ఆగినప్పుడు తట్టింది. హాల్లో కూలర్, దానికి సరిగ్గా ఎదురుగా ఫ్రిజ్. గడ్డి ప్యాడ్‌ల మీద బిందెలకొద్దీ నీళ్లు పోసి ఆ తడి గాలిని రోజంతా ఫ్రిజ్ మీదికి మేమే కొడుతున్నాం! తలుపు తీసినప్పుడల్లా అదంతా లోపలికే పోతోంది. కూలర్‌ని రెండో కిటికీకి మార్చాం. ఆ వేసవిలోనే ఎనిమిది రోజుల్లో పట్టే గడ్డ మూడు వారాలకు గానీ పట్టలేదు. వానాకాలంలో మళ్లీ కొంచెం ఎక్కువే ఉంటుంది, దానికి చేసేదేం లేదు.

ఐస్ ఎక్కువుంటే చల్లదనం ఎక్కువని మా నాన్న నమ్మకం, నాబ్‌ని చివరిదాకా తిప్పేవాడు. ఆ గడ్డ రేకుకి దుప్పటి కప్పినట్టే, చలి బయటికి రానివ్వదు, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, బిల్లు మనకి. ఎండాకాలం 4, చలికాలం 2 చాలు.

ఫ్రాస్ట్ ఫ్రీ కొనాలా అని అడిగేవాళ్లకి: మటన్, చేపలు వారాలకొద్దీ దాచుకునే ఇల్లయితే కొనండి. దానిలో హీటర్ ఉండి ఐస్‌ని అదే కరిగించుకుంటుంది, ధర మాత్రం బాగా ఎక్కువ. పాలు, పెరుగు, దోసెపిండి, నీళ్ల బాటిళ్లతో గడిచే మాలాంటి ఇంటికి ఇదే చాలు, నెలకోసారి బటన్ నొక్కే ఓపిక ఉంటే.

డోర్ రబ్బరు ఒకసారి మార్పించాను. పది రూపాయల నోటు మధ్యలో పెట్టి తలుపు మూసి లాగితే బిగుతుగా రావాలి, ఊరికే జారిపోతే రబ్బరు వదులైనట్టే. నిన్న చూస్తే కింది మూలలో మళ్లీ జారింది. సబ్బునీళ్లతో కడిగి చూస్తా, కుదరకపోతే దసరాలోపు మార్పించాలి.