సికాడా నెట్ కొనే ముందు దాని కన్నం ఎంతో కనుక్కోండి

అమెరికాలో ఇంటి ముందు చిన్న చెట్లు పెంచుకుంటున్న మనవాళ్ళందరికీ ఒక మాట. సికాడా అనే పురుగుల నుంచి చెట్లని కాపాడుతుందంటూ ఆన్‌లైన్‌లో ‘సికాడా నెట్’ అని అమ్మే వలని ఆ పేరు చూసి కొనకండి. నేను అలాగే కొన్నాను. నా జపనీస్ మేపుల్ సగం కొమ్మలు పోయాయి.

మాది ఒహాయోలో నైరుతి మూల. 2025 మే నెలలో ఇక్కడ 14వ బ్రూడ్ (ఒకే ఏడాది కలిసి బయటికొచ్చే గుంపు) సికాడాలు బయటికొచ్చాయి. ఇవి 17 ఏళ్ళు నేలలో ఉండి, 8 అంగుళాల లోతున మట్టి 64 డిగ్రీల ఫారన్‌హీట్‌కి వేడెక్కగానే ఒక్కసారిగా పైకి లేస్తాయి. ఇవి ఆకులు తినేయవు. నష్టమంతా ఆడ పురుగు గుడ్లు పెట్టడం వల్లే. పెన్సిల్ లావు కొమ్మని చీల్చి అందులో గుడ్లు పెడుతుంది. పెద్ద ఓక్ చెట్టుకి అదొక లెక్క కాదు. నాటి రెండేళ్ళయిన మొక్కకి ఉన్నవన్నీ ఆ లావు కొమ్మలే కదా!

ఏప్రిల్‌లోనే రెండు వలలు తెప్పించాను. ‘సికాడాల నుంచి పూర్తి రక్షణ’ అని రాశారు, పొడవూ వెడల్పూ రాశారు. కన్నం సైజు మాత్రం ఎక్కడా లేదు. అడగాలని నాకు తట్టలేదు. పురుగులు కనిపించిన రోజే మేపుల్‌కీ, పక్కనున్న రెడ్‌బడ్ చెట్టుకీ కప్పి, కిందనుంచి ఎక్కకుండా మొదలు దగ్గర తాడుతో బిగించాం.

రెండు వారాల తర్వాత ఒక సాయంత్రం చూస్తే వల లోపల కొమ్మ మీద ఆరేడు పురుగులు వరసగా కూర్చుని ఉన్నాయి. ఇంకొకటి నా కళ్ళ ముందే కన్నంలో తల దూర్చి, రెక్కలు ఒంటికి ఆనించుకుని, మెల్లగా పాక్కుంటూ లోపలికి వెళ్ళిపోయింది. స్కేలు తెచ్చి కొలిచాను. ముప్పావు అంగుళం! అది పండ్ల చెట్లకి పిట్టలు రాకుండా వేసే వల. పేరు మార్చి అమ్మారు, అంతే. ఆ మర్నాడు రెడ్‌బడ్ మీది వలలో ఒక పిచ్చుక కాలు చిక్కుకుని కొట్టుకుంటోంది. కత్తెరతో వల కోసి వదిలాం. ఆ పిట్ట గుండె నా చేతిలో ఎలా కొట్టుకుందో ఇప్పటికీ గుర్తుంది.

మేపుల్ కొమ్మల అడుగున కుట్టుమిషన్ కుట్టులా వరసగా చీలికలు. జులై వచ్చేసరికి కొసలన్నీ గోధుమ రంగుకి తిరిగి వేలాడాయి, గాలికి కొన్ని విరిగిపడ్డాయి.

అమ్మినవాళ్ళకి రాస్తే, మీరు సరిగ్గా కట్టలేదన్నారు. స్కేలు పెట్టి తీసిన ఫోటో పంపాను. అప్పుడు, విప్పిన ప్యాకెట్ మేం వెనక్కి తీసుకోం అన్నారు. డబ్బులు రాలేదు. పోతే పోయాయి, చెట్టు గురించే నా బాధ.

కాబట్టి కన్నం సెంటీమీటర్ మించకూడదు. పావు అంగుళమైతే ఇంకా నయం. సైజు రాయని వల అసలు కొనొద్దు, వచ్చాక కూడా కప్పే ముందు ఒకసారి కొలవండి. నేను పాత వలలు పీకేసి, లోపలి పురుగుల్ని దులిపి, బట్టల షాపులో దొరికే టుల్ గుడ్డ (సన్న కన్నాల వల గుడ్డ) తెచ్చి రెడ్‌బడ్‌కి చుట్టాను. దానికి ఆ తర్వాత కొత్తగా ఒక్క చీలికా పడలేదు. పురుగులు బయటికొచ్చాక గుడ్లు పెట్టడానికి వారం, పది రోజులు పడుతుంది, ఈలోపే కప్పాలి. వాటి అరుపుల గోల పూర్తిగా ఆగాక తీసేయాలి.

వలతో పాటు పురుగుమందు స్ప్రే కూడా అంటగట్టాలని చూస్తారు. వద్దు. ఈ రోజు చచ్చినవాటి చోటికి రేపు పక్క చెట్ల నుంచి కొత్తవి ఎగిరొస్తాయి. పైగా మందు పడిన ఆ పురుగుల్ని పిట్టలూ కుక్కలూ తింటాయి. సికాడాలు రాబోయే ఏడాది కొత్త మొక్క నాటాలనుకుంటే, వాటి సీజన్ అయ్యాక నాటుకోండి.

2027లో లూసియానా, మిసిసిపి వైపు 13 ఏళ్ళ సికాడాలు రావాలి. అక్కడి మనవాళ్ళు ముందే చూసుకోండి. నిన్న వెతికితే నేను కొన్న వలే, అదే బొమ్మతో ఇంకా అమ్ముతున్నారు. కన్నం సైజు ఇప్పటికీ రాయలేదు.