కొండపొలం: మూడోసారి, ఈసారి గట్టిగా

సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి ‘కొండపొలం’ నవలను 2020లో మొదటిసారి చదివాను. ఆ మరుసటి ఏడు ఇంకోసారి చదివాను. గత వేసవిలో మూడోసారి మొదలుపెట్టి, చూపు దాదాపుగా పోయిన మా నాయనకు రోజూ కొన్ని పేజీల చొప్పున చదివి వినిపించాను. ఈ నవలకు తానా బహుమతి వచ్చిన సంగతి, 2021లో ఇది సినిమాగా వచ్చిన సంగతి చాలామందికి తెలుసు కాబట్టి కథ జోలికి పోను. నేను చెప్పదలచుకున్నది ఇందులోని మాట గురించి మాత్రమే. కడప జిల్లా యాసలో సాగే ఆ సంభాషణలు కంటితో చదివినప్పుడు నాకు ఒక రకంగా, నోటితో చదివినప్పుడు పూర్తిగా మరో రకంగా అనుభవంలోకి వచ్చాయి.

మొదటిసారి చదివిన ఊపులో మిత్రులందరికీ ఈ నవలను మించినది లేదని చెప్పాను, నాలుగు ప్రతులు కొని పంచాను కూడా. అయితే ఆనాడు దాచిన నిజం ఒకటుంది. యాస వచ్చిన ప్రతి చోటా నా కన్ను తడబడేది. పదకొండో ఏట పల్లె విడిచి కడపకు చదువుకోవడానికి వచ్చి, ముప్పయి ఏళ్ళకు పైగా బ్యాంకులో పని చేసిన నాకు పత్రికల తెలుగు తప్ప మరో తెలుగును అచ్చులో చూసే అలవాటు లేదు. విన్నప్పుడు క్షణంలో తెలిసిపోయే మాటే అచ్చులో కనబడితే, దాన్ని మనసులో పుస్తకాల రూపంలోకి తిప్పుకొని గాని ముందుకు పోలేకపోయేవాణ్ణి. పేజీకి పదిసార్లు అలా ఆగవలసి రావడంతో, రెండోసారి చదివినప్పుడు సంభాషణలను పైపైన చూసుకుంటూ వర్ణనల మీదికి దాటుకున్నాను. మా ఊరి భాషలో నవల వచ్చిందని ఊరంతా చెప్పుకున్న మనిషి చేసిన పని అది.

మా నాయన పోరుమామిళ్ల వైపు పల్లెలో పెళ్ళయిన చాలా ఏళ్ళ వరకూ జీవాలు కాసిన మనిషి. మా వైపు జీవాలంటే గొర్రెలూ మేకలూ అని వేరుగా చెప్పనక్కరలేదు; పొలం పోవడమంటే వాటిని మేపుకోవడానికి పోవడమనీ చెప్పనక్కరలేదు. చక్కెర జబ్బు కళ్ళకు పాకిన తరువాత ఆయనకు పగలూ రాత్రీ ఒకటే అయింది. కడప ఎండ గోడల్లోంచి దిగిపోయే ఎనిమిది గంటల వేళకు మేడ మీద చాప పరిచి, తల దగ్గర చిన్న లైటు పెట్టుకొని చదవడం మొదలుపెట్టాను. రెండు పేజీలు కూడా కాకముందే ఆయన ఆపించారు.

“రే, సర్కులర్ చదువుతాండావా, జీవాలు తోలుకోని పోతాండావా?”

నేను నిజంగానే సర్కులర్ చదివినట్టు చదువుతున్నాను. ప్రతి మాటనూ దిద్దుకొని, ఎక్కడ దీర్ఘం ఉండాలో అక్కడ పెట్టి, ఆ మనుషులందరినీ బ్యాంకు కౌంటరు ముందు నిలబెట్టినట్టు చదువుతున్నాను. మరునాటి నుండి నోరు కొంచెం వదులు చేసి, మా అవ్వ మాట్లాడినట్టు చదివి చూశాను. కన్ను తడబడిన మాటలన్నీ నోటికి ఇట్టే పలికాయి. ఏ సంభాషణలను దాటుకొని పోయానో అవే ఇప్పుడు పరుగు తీశాయి. నలభై ఏళ్ళుగా పలకని మాటలు నా నోటి నుండి వస్తుంటే, వంటగదిలో ఉన్న మా ఆవిడ ఎవరో చుట్టాలు వచ్చారనుకొని పైకి వచ్చి చూసి పోయింది.

తొమ్మిదో రాత్రో పదో రాత్రో గుర్తు లేదు గాని, పులి ప్రస్తావన వచ్చిన చోట నాయన చెయ్యి ఎత్తి ఆపమన్నారు. ఆ తరువాత మూడు రాత్రులు పుస్తకం ఒక్క పేజీ కూడా కదలలేదు. ఏ సంవత్సరమో ఆయన చెప్పలేరు. నేను పుట్టక ముందు వచ్చిన ఒక కరువులో, ఊళ్ళో చెరువుతో పాటు బావులు కూడా ఎండిపోతే, ఐదుగురు కలిసి మూడు వందల జీవాలను నల్లమలకు తోలుకొని పోయారట. ఒక రాత్రి మంద మొత్తం ఒక్కసారిగా లేచి నిలబడింది, ఒక్కటి కూడా అరవలేదు. “బోద ఆళెత్తుంటాది, దాంట్లో పులి ఉంటే మనకేం అగుపడుతాది? వాటికే ముందు తెలుస్తాది” అన్నారు. బోద అంటే అడవిలో పెరిగే గడ్డి, ఆళెత్తంటే మనిషి ఎత్తు. తెల్లవార్లూ మంట ఆరకుండా కాచి, పొద్దున లెక్క చూసుకుంటే ఒక గొర్రె తగ్గింది. అది నాయనది కాదు, తోడు వచ్చిన మరొకాయనది. కలిసి పోయిన మందలో పులి తిన్నది ఎవరిదైనా నష్టం అందరిదీ అని బయలుదేరే రోజే మాట అనుకున్నారు కాబట్టి, ఇంటికి చేరాక తలా ఇంత ఇవ్వాలి. మిగిలిన ముగ్గురూ ఇచ్చారు. నాయన ఇవ్వలేదు.

“లేక ఇయ్యలేదు. మరుసటేడు ఇచ్చినా. ఆ ఏడంతా ఆయప్ప ఎదురొస్తే దోవ మార్చుకోని పోయినా.”

అప్పుల వసూళ్ళలోనే ఉద్యోగమంతా గడిపిన నాకు, దోవ మార్చుకొని పోయేవాళ్ళు బాగా తెలుసు. వాళ్ళలో నాయన కూడా ఒకరని అరవయ్యేళ్ళు దాటాక తెలిసింది.

అప్పటి నుండి ఆయన రచయితకు పరీక్షలు పెట్టడం మొదలుపెట్టారు. రాత్రికి ఏం తిన్నారో చెప్పినాడా, నీళ్ళు యాడివో చెప్పినాడా అని ప్రతి అధ్యాయానికీ అడిగేవారు. రాసినాయన జీవాలు కాసినవాడేనా అని అడిగితే, మన జిల్లావాడేననీ, బడిపంతులు పని చేసినవాడనీ చెప్పాను. కాసేపు ఆలోచించి, “అయితే ఇనినాడు, బాగా ఇనినాడు” అన్నారు. నాకు తెలిసినంతలో నాయన ఎవరికైనా ఇచ్చిన పెద్ద మెప్పు అదే. సినిమా మాత్రమే చూసిన మా మేనల్లుడు ఒక రాత్రి వచ్చి కూర్చొని, ఓబులమ్మ ఎప్పుడొస్తుందని రెండుసార్లు అడిగాడు. ఆ అమ్మాయి సినిమాకే గాని నవలలో లేదని చెబితే కిందికి దిగిపోయాడు.

ఇక, 2020లో నేను చెప్పిన మాటను కొంచెం సవరించుకోవాలి. ఉద్యోగం దొరకని చదువుకున్న కుర్రవాడికి అడవి ధైర్యం నేర్పడమనేది మొదటిసారి చదివినప్పుడు నన్ను కదిలించింది. గట్టిగా చదివేటప్పుడు ఆ పాఠం అవసరమైనదాని కంటే ఎక్కువసార్లు, ఎక్కువ వివరంగా చెప్పినట్టు తోచింది. ఆ కుర్రవాడి ఆలోచనలు వచ్చిన చోట నేను కొన్ని వాక్యాలు మింగేసి ముందుకు పోతే నాయన కనిపెట్టి, మళ్ళీ చదివించుకొని, “ఆ పిల్లోడు ఏమనుకుంటాండాడో చెప్తానే ఉండాడే, గొర్రె ఏమనుకుంటాదో చెప్పరాదా?” అన్నారు. జీవాల మధ్య, మనుషుల మాటల మధ్య ఈ నవలకు ఉన్న బలం ఆ కుర్రవాడి మనసులోకి పోయినప్పుడు తగ్గుతుంది. మౌనంగా చదివినప్పుడు ఇది నాకు తెలియలేదు.

యాస ఉన్న నవలలే గట్టిగా చదవడానికి పనికొస్తాయని అప్పటికి నేనొక నిర్ణయానికి వచ్చేశాను. దాన్ని కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’ చెడగొట్టింది. ఒక ముసలివాడు, అడవిలోకి పోయిన అతని పంది, ఒక రాత్రి. కథనమంతా శుద్ధమైన వాడుక తెలుగు. ఇది నాయనకు పట్టదని అనుకుంటూనే మొదలుపెట్టాను. నాలుగు రాత్రుల్లో ముగిసింది, ఒక్కసారి కూడా ఆపించలేదు. ముగింపు విని రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు, ఆ ముసలివాడికి నేనే ఏదో అన్యాయం చేసినట్టు. రాసినాయన డాక్టరనీ, నిజామాబాదు వైపు డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకు వైద్యం చేసేవాడనీ చెబితే నమ్మలేదు.

బండి నారాయణస్వామి గారి ‘శప్తభూమి’ మాత్రం మేడ మీద సాగలేదు. హండె రాజుల కాలపు అనంతపురం, 18వ శతాబ్దం, లెక్కలేనన్ని పేర్లు. నిన్నటి పేరు ఎవరిదో నాయన అడిగేవారు, నేను వెనక్కి తిప్పి చూసేవాణ్ణి, ఈలోగా ఆయనకు నిద్ర పట్టేది. పన్నెండో రోజుకు మానేసి, మిగతాది నేనొక్కణ్ణే పగటిపూట చదువుకున్నాను. నాకది చాలా నచ్చింది. దానికి 2019లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిందని నాయనతో అంటే, “రానీలే” అన్నారు. కాబట్టి చదివి వినిపించడమే నవలకు గీటురాయి అని నేను అనలేను.

‘కొండపొలం’ కొనవచ్చా అని ఎవరైనా అడిగితే నా జవాబు ఇప్పుడు మునుపటంత గట్టిగా ఉండదు. జీవాలు కాసిన తండ్రి ఉండి, ఆయన పక్కన కూర్చొని చదివిన వాడి తీర్పు మరొకరికి ఎంతవరకు సరిపోతుందో చెప్పడం కష్టం. మా కింది వాటాలో అద్దెకు ఉంటున్న భీమవరం దంపతులు ఈ వేసవిలో తమ చాప కూడా మేడ మీదికి తెచ్చుకున్నారు. ఆమె పేజీకి నాలుగైదు మాటలకు అర్థం అడుగుతుంది, ఆయన ఏమీ అడగడు. నాయన ఆమెకు ప్రతి మాటా విడమరచి చెబుతుండటంతో రాత్రికి రెండు పేజీలకు మించి జరగడం లేదు. నాలుగోసారి మొదలుపెట్టి మూడు వారాలైంది, మంద ఇంకా కొండ ఎక్కలేదు.