మంత్రం తగిలిందా లేదా: ఎవరి మాట చెల్లాలి?

మా పర్లాకిమిడి కుర్రాళ్లు వేషాలు కట్టి ఆడే లార్ప్ ఆట రూల్స్ నోట్‌బుక్‌లో ఒక వాక్యం ఉండేది: "కత్తి తాకితే మంత్రం వీగిపోతుంది." రాసుకున్న రోజు అందరం తలూపాం. సంక్రాంతి సెలవుల్లో ఊరి బయట జీడితోటలో ఆట మొదలైన అరగంటకే దాని మీద గొడవ. వైద్యుడి వేషంలో ఉన్న మావాడు పడిపోయిన మనిషి మీద చెయ్యి వేసి బతికించే మంత్రం చదువుతున్నాడు. ఎదుటి జట్టువాడు పరుగున వచ్చి వాడి భుజానికి కత్తి ఆనించి "మంత్రం పోయింది" అన్నాడు.

"నేను కత్తి తాకలేదు కదేటి బావా? నువ్వే తాకించావు!"

ఇద్దరూ నోట్‌బుక్ ప్రకారమే మాట్లాడుతున్నారు. మంత్రగాడు కత్తి ముట్టుకోకూడదని ఒకరి అర్థం, మంత్రగాడికి కత్తి తగలకూడదని ఇంకొకరి అర్థం. "కత్తిని" అనాల్సిన చోట ఆ "ని" లేకపోయినా మన భాషలో చెల్లిపోతుంది. కొంప అక్కడే మునిగింది.

లార్ప్ అంటే తెలియనివాళ్లకి రెండు ముక్కలు. వేషం కట్టి, స్పాంజి చుట్టిన కత్తులు పట్టుకుని, కథలోని పాత్రగా నిజంగానే తిరిగి ఆడే ఆట. ఇంగ్లండులో 1982లో పెక్‌ఫర్టన్ కోటలో ట్రెజర్ ట్రాప్ అనే ఆట మొదలైంది. 1983లో అమెరికాలోని ఎల్‌పాసోలో ఆమ్ట్‌గార్డ్ పుట్టింది. అలాంటి ఆటల్లో మంత్రమంటే చాలాసార్లు నోటితో నాలుగు మాటలు గట్టిగా చదివి, మెత్తటి బంతో చిన్న మూటో విసరడం. మేం పాత చీర గుడ్డలో చోళ్లు పోసి కట్టాం. కత్తి దెబ్బ ఒంటికి తెలుస్తుంది. మంత్రం అలా కాదు, అది ఉన్నది మాటల్లోనే. అందుకే కత్తి మీద ఒక తగువొస్తే మంత్రం మీద పదొస్తాయి.

ఆ తగువు తీర్చడానికి మేం మూడు దారులు పట్టి చూశాం.

మొదటిది నోట్‌బుక్ మాట. రాసిందే రూలు, రాయనిది లేదు. వినడానికి ఎంత న్యాయంగా ఉందో! ముందు ఎప్పుడూ కలవని వాళ్లు వందల మంది ఆడే చోట ఇది తప్పదు. ఆమ్ట్‌గార్డ్ రూల్స్ పదుల పేజీలు ఉండేది అందుకే. పదకొండు మందిమి ఆడే మా తోటలో మాత్రం దీనివల్ల లాభపడింది ప్లీడరు బుర్ర ఉన్నవాళ్లే. "చెయ్యి పైకెత్తి నడిస్తే కనిపించనట్టు లెక్క" అని రాశాం, ఎంతసేపో రాయలేదు. ఒకడు మధ్యాహ్నమంతా చెయ్యెత్తుకునే తిరిగి ఎదుటి జట్టు చెక్కలు, జంతికలు ఖాళీ చేసేశాడు. అడిగితే "రాయలేదు కదా" అన్నాడు. ఇలాంటివన్నీ మూస్తూ పోతే నోట్‌బుక్ లావెక్కుతుంది, చదివేవాడు మిగలడు.

రెండోది రిఫరీ మాట. ఆయన "ఆగండి" అంటే అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగాలి. దెబ్బ తగిలినప్పుడు, ఆట గట్టు దాటి మహేంద్రతనయ నది వైపు జారుతున్నప్పుడు, మధ్యలోకి ఆవు వచ్చినప్పుడు ఇంతకన్నా మేలైన దారి లేదు. దీని మీద నాకు రెండో మాట లేదు. కానీ మంత్రం తగువులకి? రిఫరీ ఒక్కడు, చెట్లు వంద. చెట్టు వెనక ఏం జరిగిందో ఆయన చూడలేదు, చివరికి అడిగేది మళ్లీ మనల్నే. పైగా చిన్న ఊరు, ఎవరు రిఫరీ అయినా ఎవరికో ఒకరికి బావమరిది అవుతాడు. పొద్దున్న ఒకలా, సాయంత్రం ఇంకోలా చెప్పాడంటే తప్పు ఆయనది కాదు, అలసిపోయాడు పాపం.

మూడోది తగిలినవాడి మాట. మూట వచ్చి తగిలిందా, మంత్రం వినిపించిందా, దానికి నేలకొరగాలా, ఇవన్నీ తేల్చుకునేది ఎవరి మీద విసిరారో వాళ్లే. విసిరినవాడు "తగిలింది, తగిలింది" అని అరవకూడదు. ఆమ్ట్‌గార్డ్ లాంటి ఆటల్లో కత్తి దెబ్బల విషయంలో పాత అలవాటే ఇది: తగిలిన దెబ్బను తగిలినవాడే ఒప్పుకోవాలి. నా ఓటు దీనికే. ఆట ఆగదు. ఆ మంత్రానికి పడిపోవాల్సినవాడు వాడే కాబట్టి, తనకు అర్థమైన రూలుకి ఒళ్లంతా పెట్టి పడతాడు. ఇంకొకరి తీర్పుకి పడ్డవాడు మొహం మాడ్చుకుని పడతాడు, చూస్తేనే తెలిసిపోతుంది.

ఇందులో తొండి ఆటకి చోటుంది కదా అంటారు. ఉంది, తొండి చేసేవాడు మిగతా రెండు దారుల్లోనూ చేస్తాడు. నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది వేరే. తొమ్మిదో తరగతి చెల్లి ఒకతె దగ్గరగా వచ్చిన ప్రతి మంత్రానికీ పడిపోతూనే ఉంది. పెద్దవాళ్లకి మాత్రం ఒక్కటీ తగలడం లేదు! మొహమాటస్తుల మీద భారమంతా పడుతుందని అప్పుడు తెలిసింది. అందుకని రెండో రోజు నుంచి అనుమానం వస్తే వయసులో పెద్దవాడే పడాలన్నాం. పెద్దవాళ్లు గొణిగారు, కానీ పడ్డారు.

రాయి కాగితం కత్తెర వేసి తేల్చేసే ఆటలూ ఉన్నాయి. గదిలో కూర్చుని ఆడేటప్పుడు బాగుంటుందేమో గానీ, తరుముకుంటూ వచ్చినవాడు ఆగి వేళ్లు చాపితే నవ్వొస్తుంది.

అలాగని నోట్‌బుక్‌ని అటకెక్కించమనడం లేదు. దాని పని ఆటలో కాదు, ఆ రాత్రి. తగువొచ్చిన వాక్యాన్ని ఎవరు, ఎవరికి, ఎప్పటిదాకా అని విడదీసి రాయాలి. మా దగ్గర ఇంకో మంచి పరీక్ష దొరికింది. మాతో ఆడే ఒడియా కుర్రాడికి తెలుగు అంతంతమాత్రం. కత్తి రూలు చదివి వినిపిస్తే "ఎవరు ఎవర్ని తాకితే?" అన్నాడు వెంటనే. తెలుగు బాగా వచ్చిన మాకెవరికీ ఆ ప్రశ్న రాలేదు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. మేం మాత్రం మంత్రం అనేసరికి పురాణం భాషలోకి పోయాం, "వీగిపోతుంది" అట!

కొత్త వాక్యం ఇది: "మంత్రం చదువుతున్న మనిషికి ఎదుటి జట్టు కత్తి తగిలితే, చదివింది పోతుంది, మళ్లీ మొదటి నుంచి చదవాలి." ఒడియా కుర్రాడు సరేనన్నాడు. నోట్‌బుక్ మూయబోతుంటే చెల్లి చెయ్యెత్తింది, కనిపించకుండా పోవడానికి కాదు. "మరి బాణం తగిలితేనో అన్నయ్యా?" ఆ వేళ ఇంక ఎవరికీ ఓపిక లేదు. తగిలినవాళ్ల ఇష్టమని రాసి పడుకున్నాం.