ఫెజ్ పాతబస్తీ: ఎక్కడ దిగాలి, దేనికి డబ్బు పెట్టాలి

మొరాకో వెళ్లే మనవాళ్లలో చాలామంది మర్రకేష్‌కి నాలుగైదు రోజులు ఇచ్చి, ఫెజ్‌ని ఒక్క పూటలో చుట్టేసి వచ్చేస్తారు. నన్నడిగితే ప్లాన్ తిరగేసుకోండి అంటాను. మర్రకేష్ అందమైన ఊరే, కాదనను. కానీ ఫెజ్ పాతబస్తీ ఇప్పటికీ చేతులతో పనిచేసే ఊరు. రాగి కొట్టేవాళ్లు, తోళ్లు ఊనేవాళ్లు, దువ్వెనలు చెక్కేవాళ్లు ఆ సందుల్లోనే ఉన్నారు. వాళ్ల పని నిలబడి చూడటానికే ఈ ఊరు వెళ్లాలి. గేటు, మసీదు, ఫొటో అని పరిగెత్తితే చేతికి వచ్చేది కాళ్ల నొప్పులే.

ఎనిమిదో శతాబ్దం చివర్లో ఇద్రిసీ రాజులు కట్టిన ఊరు ఇది. పాతబస్తీని ఫెస్ అల్ బాలీ అంటారు, 1981లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. లోపలికి కార్లు రావు. సామాన్లన్నీ గాడిదలు, కంచర గాడిదలు, తోపుడు బళ్ల మీదే. వెనకనుంచి "బాలక్! బాలక్!" అని కేక వినిపించిందంటే గోడకు అతుక్కుపోవాలి, గ్యాస్ సిలిండర్లు మోస్తున్న గాడిద పక్కనుంచి వెళ్లిపోతుంది.

ముందు బస గురించి. మేం ముగ్గురం: నేను, మావారు, మా అత్తయ్యగారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, పైగా పూర్తి శాకాహారం. అందుకని పాతబస్తీ బయట, ఫెజ్ కొత్త పట్టణంలో లిఫ్ట్ ఉన్న హోటల్ తీసుకుందామా అని కొంత తర్జనభర్జన పడ్డాం. చివరికి పాతబస్తీ లోపల ఒక రియాద్‌లో దిగాం, అదే సరైన నిర్ణయం. రియాద్ అంటే పాతకాలపు మండువా ఇల్లే. బయట చూస్తే కిటికీ కూడా సరిగ్గా లేని మట్టిరంగు గోడ. తలుపు తీస్తే మధ్యలో ముంగిలి, నీళ్ల తొట్టి, చుట్టూ రంగురంగుల పలకలు, పైన ఆకాశం. అయితే మెట్లు బాగా నిటారుగా ఉంటాయి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు కింది అంతస్తు గది కావాలని బుకింగ్‌కి ముందే రాయించుకోండి. కారు ఆగే చోటునుంచి ఇంటికి ఎన్ని నిమిషాల నడక అన్నది కూడా అడగండి, ఫొటోల్లో ఆ సంగతి తెలియదు. గేటు దగ్గరికి మనిషిని పంపమంటే పంపుతారు, సామాను తోపుడు బండి మీద వస్తుంది. రాత్రి షాపులు మూశాక సందులు నిర్మానుష్యంగా ఉంటాయి కాబట్టి, మొదటి రోజు పగలు చేరేలా చూసుకుంటే టెన్షన్ ఉండదు.

గైడ్ సంగతి. మెడలో ప్రభుత్వ బ్యాడ్జి ఉన్న గైడ్‌ని రియాద్ వాళ్ల ద్వారా సగం రోజుకి పెట్టుకోండి. ఆ డబ్బు దండగ కాదు. సందులు ఎటు పోతాయో కాస్త అర్థమవుతుంది, తర్వాత మీరే తిరగొచ్చు. మొదట్లోనే "షాపింగ్ వద్దు, పనిచేసే చోట్లు చూపించండి" అని గట్టిగా చెప్పాలి. లేకపోతే తివాచీల దుకాణంలో టీ తాగుతూ గంట గడిచిపోతుంది. "ఈ దారి మూసేశారు, నాతో రండి" అనే కుర్రాళ్లు తగులుతారు. "లా, షుక్రన్" (వద్దు, థాంక్స్) అని నవ్వుతూ ముందుకు నడిస్తే చాలు. మనల్ని చూడగానే షాపులవాళ్లు అమితాబ్, షారూఖ్ పేర్లు పిలుస్తారు. కొంత అమ్ముకోవడానికే కావచ్చు, కానీ హిందీ సినిమాల మీద వాళ్ల ఇష్టం మాత్రం నిజమైనదే. ఒక ముసలాయన మా అత్తయ్యగారిని కూర్చోబెట్టి పాత హిందీ పాట ఒకటి పల్లవంతా పాడి వినిపించారు, ఏమీ అమ్మజూపలేదు.

బాబ్ బూ జెలూద్, అంటే నీలిరంగు గేటు, నుంచి తలా కెబీరా అనే పెద్ద వీధి పట్టుకుంటే అంతా దిగుడే. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి ఇది బాగా పనికొచ్చే విషయం: ఉదయం ఆ గేటు దగ్గర మొదలుపెట్టి నెమ్మదిగా దిగుతూ వెళ్లండి, మధ్యాహ్నానికి కింద ర్సీఫ్ కూడలిలో తేలండి. అక్కడ ఎర్ర చిన్న టాక్సీలు దొరుకుతాయి. మళ్లీ ఎక్కుతూ వెనక్కి రావాల్సిన పని లేదు. టాక్సీలో ముగ్గురికి మించి ఎక్కించుకోరు. మీటరు వేయమని ఎక్కకముందే చెప్పండి, స్టేషన్ దగ్గర మమ్మల్ని ఒకతను మీటరు లేకుండా చాలా రెట్లు అడిగాడు. రాత్రిపూట మీటరు మీద సగం అదనం న్యాయమే.

దారిలో మొదట వచ్చేది బూ ఇనానియా మద్రసా. పద్నాలుగో శతాబ్దం మధ్యలో మరీనీ వంశపు సుల్తాన్ అబూ ఇనాన్ కట్టించింది. ఇతర మతాలవాళ్లని కూడా లోపలికి రానిస్తారు. నేలనుంచి నడుం ఎత్తు దాకా ముక్కముక్కగా పేర్చిన పలకలు, ఆపైన సున్నంలో చెక్కిన లతలు, ఆ పైన దేవదారు కొయ్య. మేం వెళ్లినప్పుడు టికెట్ 20 దిర్హమ్‌లు, దిర్హమ్ అప్పట్లో మనకి సుమారు 9 రూపాయలు. కిందనున్న అత్తరీన్ మద్రసా 1325లో పూర్తయింది, చిన్నది, నాకు అదే ఎక్కువ నచ్చింది. పక్కనే కరవియ్యీన్ మసీదు, విశ్వవిద్యాలయం. 859లో ఫాతిమా అల్ ఫిహ్రీ అనే మహిళ దీన్ని స్థాపించిందని సంప్రదాయం. ప్రపంచంలో ఆగకుండా నడుస్తున్న అతి పాత విశ్వవిద్యాలయం ఇదేనంటారు. ముస్లింలు కానివాళ్లకి ప్రవేశం లేదు. తలుపు తెరిచి ఉన్నప్పుడు గడప బయటనుంచి చూసి రావాలి, అందుకు నొచ్చుకోవాల్సింది ఏమీ లేదు. నెజ్జరీన్ కొయ్య మ్యూజియం బాగానే ఉంది, టైముంటే చూడండి.

కరవియ్యీన్ నుంచి కొన్ని అడుగుల్లో సఫ్ఫారీన్. ఈ ఊళ్లో ఒక్క చోటే చూసే వీలుంటే ఇదే చూడండి. చిన్న కూడలి, చుట్టూ రాగి పనివాళ్లు. మూలన టీ కొట్టు ఉంది, పుదీనా టీ తీసుకుని కూర్చున్నాం. ఎదురుగా ఒకాయన పెద్ద గుండిగని కొయ్యమొద్దుకి బోర్లా తగిలించి, ఎడం చేత్తో కాస్త కాస్త తిప్పుతూ కుడి చేత్తో సుత్తి వేస్తున్నాడు. ప్రతి దెబ్బా ముందు దెబ్బ అంచు మీదే పడుతోంది. ఆయన ఆగగానే పక్క కొట్టులో మరొకరు అందుకుంటారు. కొంతసేపటికి ఆ చప్పుడులో ఒక తాళం వినిపిస్తుంది. పెళ్లిళ్లకి ఈ గుండిగల్ని అద్దెకిస్తారట. మా అత్తయ్యగారు దగ్గరికి వెళ్లి లోపలి తగరం కళాయిని వేలితో తడిమి, సైగతోనే బాగుందన్నారు. ఆయన సుత్తి పక్కన పెట్టి ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు.

షువారా తోళ్ల గుంటలకి ఉదయమే వెళ్లండి. చుట్టూ ఉన్న తోలు షాపుల మేడల మీదనుంచి చూడాలి, చేతికి పుదీనా రెమ్మ ఇస్తారు. కంపు నిజంగానే ఘాటు: సున్నం, పావురాల రెట్ట, పశువుల మూత్రం కలిపిన తొట్లలో తోళ్లు నానతాయి, రంగు తొట్లు వేరు. మనుషులు తొడల దాకా అందులో దిగి తొక్కుతుంటారు. పై నుంచి చూస్తే అంతా రంగుల పళ్లెంలా కనిపిస్తుంది, కానీ నా చూపు ఆ కాళ్ల మీదే నిలిచిపోయింది. కాస్త ఎక్కువసేపు చూడండి, ఫొటో తీసి తిరిగిపోకండి. కొనడం ఇష్టం లేకపోతే పది ఇరవై దిర్హమ్‌లు ఇచ్చి దిగండి. ఒక షాపులో కొనలేదని మాతో కాస్త దురుసుగా మాట్లాడారు, అది తప్పితే పెద్ద ఇబ్బంది లేదు.

శాకాహారులకి తిండి దొరుకుతుంది, కాకపోతే అడిగి తినాలి. కూరగాయల తాజీన్ (మట్టి పాత్రలో మగ్గించే కూర), కుస్‌కుస్ (గోధుమ రవ్వ వంటకం) అని రాసినవాటిని కూడా చాలాచోట్ల మాంసం రసంలోనే వండుతారు. బిస్సారా మాత్రం ధైర్యంగా తాగొచ్చు. ఎండు బాకలా (ఒక రకం పెద్ద చిక్కుడు) గింజల చిక్కటి సూప్, పైన ఆలివ్ నూనె, జీలకర్ర పొడి. ఉదయం చిన్న కొట్లలో రొట్టెతో ఇస్తారు, చాలా చవక. జాలూక్ అయితే కాల్చిన వంకాయ, టమాటాల వంటకం, మన వంకాయ పచ్చడి తినేవాళ్లకి మొదటి ముద్దకే నచ్చేస్తుంది. నీలి గేటు పక్కన మెనూ కార్డులు ఊపుతూ పిలిచే రెస్టారెంట్లలో రేటు ఎక్కువ, రుచి సాధారణం. రాత్రి భోజనం రియాద్‌లోనే ముందుగా చెప్పించుకోండి. నాట్యంతో కూడిన డిన్నర్ ప్యాకేజీలకి నేను డబ్బు పెట్టను.

శుక్రవారం పాతబస్తీలో చాలా షాపులు మూసి ఉంటాయి. ఆ రోజు మధ్యాహ్నం ఇళ్లలో కుస్‌కుస్ వండుకుంటారు. మీ ప్లాన్‌లో శుక్రవారం పడితే బజారు పెట్టుకోకుండా జ్నాన్ స్బీల్ తోటకి వెళ్లండి, లేదా మెక్నెస్ ఊరు, వొలూబిలిస్‌లోని రోమన్ శిథిలాలు చూసి రండి. సాయంత్రం టాక్సీలో మరీనీ సమాధుల గుట్ట ఎక్కితే ఊరంతా ఒక్క చూపులో కనిపిస్తుంది. టాక్సీని అక్కడే ఆపి ఉంచుకోండి, చీకటి పడేలోపు దిగిపోవడం మంచిది.