లీవర్ హౌస్ లాంటి గాజు గోడ: మరమ్మతా, మార్పిడా?

న్యూయార్క్ పార్క్ అవెన్యూలోని లీవర్ హౌస్ (1952) గాజు గోడలున్న 24 అంతస్తుల ఆఫీసు భవనం. 1982లో నగరం దాన్ని వారసత్వ కట్టడంగా ప్రకటించింది.

ఆ గాజు గోడలోని లోపం బయటికి కనబడేది కాదు. మెరిసే స్టెయిన్‌లెస్ స్టీల్ తొడుగు కింద ఉన్నది మామూలు కార్బన్ స్టీల్ చట్రం. సందుల్లోంచి నీరు దిగి ఉక్కు తుప్పు పట్టింది. తుప్పు ఉబ్బి గాజు అంచును నొక్కింది, పలకలు పగిలాయి. 1990ల మధ్యకి అసలు గాజులో దాదాపు ఒక శాతమే మిగిలింది.

ఖర్చు: మరమ్మతు విడతలవారీగా పెట్టొచ్చు, కానీ పనివాళ్లు నిలబడే వేలాడే ఊయల ప్లాట్‌ఫారం అద్దె ప్రతిసారీ కట్టాలి. మార్పిడికి ఒకేసారి పెద్ద మొత్తం కావాలి.

ముప్పు: మరమ్మతులో కొత్త గాజు రంగు పాతదానితో కలవక గోడ అతుకుల బొంతలా తయారవుతుంది. పైగా పలక మార్చినంత మాత్రాన చట్రంలో తుప్పు ఆగదు. మార్పిడిలో అసలు పదార్థం పోతుంది. జోడు గాజు (రెండు పొరల గాజు) వేస్తే చట్రం లావెక్కి సన్నని గీతల అందం చెడుతుంది.

అనుమతి: వారసత్వ కట్టడం కాబట్టి ఎటైనా నగరం అనుమతి తప్పదు.

లీవర్ హౌస్‌లో 1998–2001 మధ్య గాజు గోడ మొత్తం మార్చారు. చట్రం లోపల అల్యూమినియం, బయట స్టెయిన్‌లెస్, సన్నని గీతల రూపం మాత్రం పాతదే. అది సరైన నిర్ణయమే.

మీ భవనానికీ ఇలాంటి గోడ ఉంటే, ముందుగా కొన్నిచోట్ల తొడుగు విప్పి చూడండి. తుప్పు పైపొరలోనే ఉండి, అసలు గాజు చాలావరకు నిలిచి ఉంటే మరమ్మతు చేయండి. చట్రం మందం తరిగిపోయి, ఏటా కొత్త పలకలు పగులుతుంటే మార్పిడే మేలు.